మైదానం దాటే కుర్చీ

1987 ఏప్రిల్ 18, ఈస్టర్ శనివారం. మధ్యాహ్నం తిన్నది బోటి కూర, ఇనప కుండలో కాల్చిన రొట్టె. రొట్టె అడుగున మాడిన చెక్క కోసం నేనూ మాంపింగా కాసేపు వాదించుకున్నాం, వాదన నేను గెలిచాను, చెక్క తను తినేసింది. పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. ఆ సాయంత్రం మా ఊరి రగ్బీ జట్టు ఇక్వేజీకీ, నది అవతల తన పుట్టింటి ఊరి జట్టుకీ ఆట. వాళ్ళ జట్టు పేరు మొసళ్ళు, పేరుకు తగ్గట్టే ఉంటారు. మైదానంలో తను నా పక్కన కూర్చుంటుందని రెండు కుర్చీలు మోసుకెళ్ళాను. తను తన కుర్చీ తీసుకుని అవతలి గీత దగ్గరికి, అన్నల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నలభై నిమిషాల పాటు మా ఊరి ఆడవాళ్ళందరూ ఆట మానేసి నా మొహం చూశారు. సగం ఆట ఈల వేయగానే తను లేచి, కుర్చీ తిరగేసి నెత్తిన పెట్టుకుని, మైదానం నడిమధ్య గుండా నడిచి వచ్చింది. నారింజ తొనలు చప్పరిస్తున్న రెండు జట్లూ పక్కకు జరిగి దారి ఇచ్చాయి. వచ్చి నా పక్కన కుర్చీ వేసి, "పుట్టింటికి నలభై నిమిషాలు, మెట్టినింటికి నలభై. ఇంకేమైనా అడుగుతావా?" అంది. ఏమీ అడగలేదు. తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళు ఏమీ అడగలేదు.

ఇవాళా అవే రెండు జట్లు, ఇప్పుడూ సగం ఆట ఈల పడింది, నా కళ్ళు వాటంతట అవే అవతలి గీత వైపు వెళ్ళాయి, అక్కడి నుంచి కుర్చీ ఏదీ లేవలేదు. తను పోయి మూడేళ్ళయినా కళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. అవతల మాంపింగా అన్న వెలీలే ఉన్నాడు, మొసళ్ళకు శిక్షణ ఇచ్చేది వాడే, మావాళ్ళకు నేను, పొట్ట మీద చేతులు కట్టుకుని నా వైపు చూసి రెండు చేతుల వేళ్ళూ ఎత్తి ఆరు చూపించాడు. అంటే మా లైనౌట్లు ఆరు, గీత దగ్గరి నుంచి మేం విసిరిన బంతులు ఆరూ, వాళ్ళు ఎత్తుకుపోయారని. నాకు లెక్క తెలీదనుకున్నాడా, నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. మా అయిదు, వాళ్ళ పద్నాలుగు. నా కుర్చీ ప్లాస్టిక్‌ది, ఒక కాలు కురచ, కూర్చున్నప్పుడల్లా పక్కకి ఒరిగేది, ఇవాళ ఒరగడం లేదు. వంగి చూశాను. ఎవరో కాలి కింద చదునైన రాయి పెట్టారు. పొద్దున్న గీతలకు సున్నం కొట్టినవాళ్ళలో ఎవరో. ఎవరని అడిగితే చెప్పరు, అడగకపోతేనే మర్యాద. రాయి సరిగ్గా సరిపోయింది.

సరిపోయింది గానీ వచ్చే వారం ఈ కుర్చీ ఇక్కడ ఉంటుందో లేదో. గురువారం రగ్బీ సంఘం అధ్యక్షుడు డిలీజా మా ఇంటికొచ్చి, టీ రెండు కప్పులు తాగేదాకా వానల గురించి మాట్లాడి, అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"జోలా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకండి."

"అనేశాక చూసుకుంటాలే, అను."

"శనివారం కూడా మన లైనౌట్లు పోతే, పట్నం నుంచి ఒక కుర్రాణ్ణి తెస్తున్నాం. వాడికి లాప్‌టాప్ ఉంది."

"నాకు సుద్దముక్క ఉంది."

"అదే కదండీ బాధ. మీరు గేటు దగ్గర కూర్చోండి, గౌరవంగా. వచ్చేవాళ్ళకి నమస్కారం చెబుతూ."

గౌరవంగా. వాడు వెళ్ళిపోయాక కూడా ఆ మాట గదిలో చాలాసేపు కూర్చుంది. నాకు వారానికి రెండు రోజులున్నాయి, గురువారం సాధన, శనివారం ఆట. మిగతా అయిదు రోజులూ నేనూ, కెటిలూ, గోడ గడియారమూ. గేటు దగ్గర కూర్చునేవాడికి ఆట కనిపించదు, వచ్చేవాళ్ళ మొహాలే కనిపిస్తాయి, మొహాలు చూస్తే మాంపింగాని తలుచుకుని వాళ్ళు జాలిపడతారు, గీత దగ్గరైతే ఎవరికీ జాలిపడే తీరిక ఉండదు, "ఏం విసిరాడయ్యా మీవాడు" అని తిడతారు. తిట్టించుకోవడం ఎంత సుఖమో ఇంట్లో ఒక్కడే ఉండేవాడికే తెలుస్తుంది.

రెండో సగం మొదలైంది. ఈ ఆట భలే ఆట, ముందుకు పోవాలంటే బంతిని వెనక్కే అందించాలి. కాలేజీలో చేరిన ఏడాది ఎవరో ఈ మాట చెబితే అబద్ధమనుకున్నాను, ఇప్పుడు రోజూ నేను చేస్తున్న పని అదే. మా వెనకవరస కుర్రాళ్ళు నదికి ఇటు పక్క ఊళ్ళన్నిట్లోకీ చురుకైనవాళ్ళు. ఉనాతీ చేతికి బంతి వస్తే అటు చూస్తూ ఇటు అందిస్తాడు, ఒకడు ఉత్తుత్తి పరుగు పెడతాడు, రెండోవాడు సందులోంచి దూరతాడు, ఎడమ అంచు మీద పరుగెత్తేవాడికి చివరికి బంతి చేరితే వాణ్ణి పట్టుకోవడానికి మోటారు సైకిలు కావాలి. నల్లబల్ల మీద బాణాలు గీసి మరీ నేర్పాను. కానీ బంతి ముందు మాకు రావాలిగా. రావడానికి దారులు రెండు. ఒకటి స్క్రమ్, ఎనిమిది మంది తలలు కలిపి ఎనిమిది మందిని తోయడం, అందులో మావాళ్ళు సంత దగ్గర బస్సు వెనక్కి తిప్పినంత నిదానంగా, మర్యాదగా, వెనక్కి వస్తారు. రెండోది లైనౌట్. బంతి గీత దాటితే రెండు జట్ల బరువైనవాళ్ళు రెండు వరసల్లో ఎదురుబొదురు నిలబడతారు, గీత దగ్గరి నుంచి ఒకడు మధ్యకు విసురుతాడు, ఎవరికి విసిరేదీ ముందే ఒక గుప్త పదం అరిచి చెబుతాడు, ఇద్దరు కలిసి ఆ మనిషిని ఆకాశంలోకి ఎత్తుతారు. మావాళ్ళు ఎత్తుతున్నారు. మొసళ్ళు కూడా సరిగ్గా అక్కడే, మా కంటే రెప్పపాటు ముందే ఎత్తుతున్నారు. ఎడమ అంచు కుర్రాడు గంట నుంచీ బంతి ముట్టుకోలేదు, చేతులు చంకల్లో పెట్టుకుని గీత అవతల వేరుశనగలమ్మే ముసలమ్మతో కబుర్లు చెబుతున్నాడు, ఆమె వాడికో పొట్లం కూడా ఇచ్చింది.

ఆ గుప్త పదాలు నావే. మూడు నెలలు వంటింటి బల్ల మీద కూర్చుని కట్టాను, మాంపింగా పోయాక ఆ బల్ల మీద జరిగిన మొదటి మంచి పని. అంకెలు పెడితే మొంగేజీ కంగారుపడతాడు. విసిరేది వాడే, రోడ్డు పక్క టైర్లకు పంక్చర్లు వేస్తాడు, మనసు వెన్న, చెయ్యి మాత్రం ఆట రోజున వణుకుతుంది. అందుకని వాడికి పుట్టినప్పటి నుంచీ తెలిసినవే పెట్టాను, వంశాల పేర్లు. మా ఖోసా తెగలో ఎవరి వంశం ఏదో పాలతో పాటే తాగుతారు. ఎగిరేవాళ్ళు ముగ్గురు, ముందు ఒకడు, మధ్యలో ఒకడు, వెనక లులామీలే. ఎవరికి విసరాలో వాళ్ళ అమ్మ పుట్టింటి వంశం పేరు అరవాలి. ఖుమా అంటే లులామీలే, ఎందుకంటే వాళ్ళమ్మ ఖుమాల ఆడపడుచు. తండ్రి వంశమైతే అందరికీ తెలుస్తుంది, అమ్మ వంశం మన ఊళ్ళోనే ఉండే సంగతి, బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది అని నాకు నేనే భుజం తట్టుకున్నాను. డిలీజాకి చెబితే, "ఇది మెదడంటే" అన్నాడు. ఆ రోజు అలా అన్నాడు.

ఏడో లైనౌట్. మొంగేజీ బంతి తల పైకి ఎత్తాడు. "గాబా!" అని అరిచాడు, మధ్యవాడు లేచాడు, మొసలి ఒకడు వాడికంటే జానెడు పైకి లేచాడు, పోయింది. అట్నుంచి అటే పరుగులు పెట్టి వాళ్ళు మా గోల్ గీత అవతల బంతి నేలకు తాకించారు. అయిదు, పంతొమ్మిది. వెలీలే ఏడు వేళ్ళెత్తాడు. గాలి మారింది, కొండ మీంచి పేడ వాసనా, ఎవరో కాలుస్తున్న మాంసం వాసనా కలిసి వస్తున్నాయి, నా వెనక ఎవరో "మాస్టారు బీజగణితం చెబుతున్నాడ్రా" అన్నారు, ఇంకెవరో నవ్వారు, డిలీజా నవ్వలేదు, నేల చూశాడు, దానికి వాడికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఎనిమిదోది నా కుర్చీకి ఎదురుగానే పడింది, అందరి ఊపిరీ వినిపించేంత దగ్గర. "ఖుమా!" అన్నాడు మొంగేజీ. అనీ అనగానే ఎదుటి వరసలోని పొడుగాటి మొసలి, ఎగరడానికి మోకాళ్ళు వంచుతూ, మా లులామీలేని చూసి ఎంతో ప్రేమగా అన్నాడు.

"రా మేనల్లుడా, రా. అమ్మ బాగుందా?"

బంతి పట్టుకుని కిందికి దిగుతూ కూడా, "ఆదివారం వస్తానని చెప్పు," అన్నాడు.

అప్పుడు నా నలభై ఏళ్ళ లెక్కలూ నా నెత్తిన కూలాయి. ఓరి నా తెలివీ. ఒకే వంశంలో పిల్లని చేసుకోకూడదు, మా ఊరంతా రెండు మూడు వంశాలు, అందుకని మా ఊరి మగాళ్ళు పెళ్ళాలని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, నది అవతల నుంచి. నేను తెచ్చుకున్నదీ అక్కడి నుంచే, కన్యాశుల్కంగా ఎడ్లని తోలుకుని ఆ నది దాటి వెళ్ళిందీ నేనే. మా ఆటగాళ్ళ అమ్మలందరూ ఆ ఊరి ఆడపడుచులు, ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఆ అమ్మల తమ్ముళ్ళు, చిన్నాన్న కొడుకులు. మొసళ్ళు కాదు వాళ్ళు, మేనమామలు. మా ఊళ్ళో రహస్యమని నేననుకున్నది వాళ్ళ ఇళ్ళ గోడల మీద పెళ్ళి ఫోటోలుగా వేలాడుతోంది. ఏ మేనమామకి తెలీదు అక్క కొడుకెవరో? వెలీలే మొదటి లైనౌట్‌కే కనిపెట్టి ఉంటాడు, అందుకే ఆట మొదలైనప్పటి నుంచీ ఆ పొట్ట అలా ఊగుతోంది. నాకూ నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. గేటు దగ్గర కూర్చోబోయేవాడు అలా నవ్వకూడదు, డిలీజా నా వైపు భయంగా చూశాడు.

మాంపింగా ఉంటే మొదటి రోజే చెప్పేది. బల్ల అవతల పిండి పిసుకుతూ, తలెత్తకుండా, "ఆ పేర్లు మా అన్నకి తెలీవా?" అనేది. అంతే. తనకి పేర్ల సంగతి నాకంటే బాగా తెలుసు, పేర్లతో తను పడ్డ పాట్లు ఇంకెవరు పడ్డారు. మా ఇళ్ళలో కోడలు మామగారి పేరు పలకకూడదు, పేరే కాదు, ఆ పేరులోని ముక్క ఇంకే మాటలో వచ్చినా ఆ మాట వదిలేసి వేరే మాట వెతుక్కోవాలి. మా నాన్న పేరు లులామా. నాన్న పోయి ఎన్నేళ్ళయినా తను తప్పలేదు. అలాంటి ఇంటికి ప్రతి గురువారం సాధన అయ్యాక ఈ దున్నపోతులందరూ వచ్చి పడేవాళ్ళు, తను నూనెలో వేయించిన అమాగ్విన్యా పిండి ఉండల కోసం, బేసిన్ నిండా పెడితే బేసిన్ మిగిలేది. అందులో ఒకడు లులామీలే. వాణ్ణి ఏమని పిలవాలి? వాడు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తలుపు వెయ్యడు, బార్లా తెరిచి పోతాడు, ఒకసారి ఆ తలుపులోంచి మేక వచ్చి తొమ్మిదో తరగతి లెక్కల కాగితాలు తినేసింది, చేసేది లేక అందరినీ పాస్ చేశాను, బడిలో ఆ మేకకి వచ్చినంత మంచి పేరు నాకెప్పుడూ రాలేదు. అప్పటి నుంచి తను వాణ్ణి "తలుపు" అనేది. "తలుపూ, ఇంకో రెండు తిను." మిగతావాళ్ళకి కుళ్ళు పుట్టింది, మాకూ పేర్లు పెట్టమ్మా అని వెంటపడ్డారు. ముందు ఎగిరేవాడు సన్నగా, జుట్టు పొదలా ఉంటాడని "చీపురు". మధ్యవాడు ఎప్పుడూ పొయ్యి పక్కనే చేరి ఆవిర్లు కక్కుతాడని "కుంపటి". ఆ పేర్లు మా వంటింట్లో పుట్టి అక్కడే ఉండిపోయాయి. అత్తింటి మాట పుట్టింట్లో పలకడం మర్యాద కాదని తను నది దాటించలేదు. నది దాటించలేదు.

నేను లేచాను. మోకాలు టప్పుమంది. మావాడొకడు చెవి పట్టుకుని కింద కూర్చున్నాడు, రెఫరీ ఆట ఆపాడు, నేను నీళ్ళ సీసా తీసుకుని మైదానంలోకి నడిచాను, అరవై నాలుగేళ్ళవాణ్ణి, కుర్చీ లేకుండా, తను నడిచిన చోటనే నడిచాను.

మొంగేజీ కళ్ళలో నీళ్ళున్నాయి. "మాస్టారూ, నా చెయ్యి బాలేదు. నన్ను మార్చేయండి."

"నీ చెయ్యి బంగారం. నా బుర్రే బాలేదు. వంశాల పేర్లు ఆపెయ్. మాంపింగా పిలిచినట్టు పిలువు."

వాడు నోరు తెరిచి నన్నే చూశాడు. తర్వాత ఆ మొహం మీద మెల్లిగా, చీకటి గదిలో ఎవరో కిటికీ తీసినట్టు, వెలుగొచ్చింది.

"చీపురు, కుంపటి..."

"మెల్లిగా. మేనమామలు వింటారు."

"నన్ను 'ఇంకోటి' అనేది మాస్టారూ. ఎన్ని తిన్నా ఇంకోటి అడిగేవాణ్ణని."

"తెలుసు. పో, ఇంకోటి పట్టుకురా."

తొమ్మిదోది. "చీపురు!" మొసళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చీపురు ఎవరి వంశం? మావాడు ఒక్కడే ఆకాశంలో ఉన్నాడు, తాపీగా, పండు కోసుకున్నట్టు బంతి తీసుకున్నాడు. పదోది కుంపటి. బంతి ఉనాతీ చేతికొచ్చింది, అటు చూసి ఇటు అందించాడు, ఉత్తుత్తి పరుగువాడి మీద ఇద్దరు మొసళ్ళు పడ్డారు, సందు తెరుచుకుంది, నల్లబల్ల మీద నేను గీసిన బాణాలన్నీ కాళ్ళొచ్చి పరుగెత్తాయి, ఎడమ అంచు కుర్రాడు వేరుశనగ పొట్లం ముసలమ్మకి తిరిగిచ్చే వ్యవధి లేక నిక్కరులో దోపుకుని బంతి అందుకున్నాడు, దారి పొడుగునా పలుకులు రాల్చుకుంటూ గోల్ గీత దాటాడు. ఆ వెంటనే ఉనాతీ బంతిని గోల్ కర్రల మధ్య నుంచి కొట్టాడు, గీత దాటినందుకు అయిదు, దీనికి రెండు. పన్నెండు, పంతొమ్మిది. ముసలమ్మ పొట్లం పోయినందుకు ఎవరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. వెలీలే పొట్ట మీంచి చేతులు తీశాడు, గీత వెంబడి అటూ ఇటూ నడుస్తూ, "చీపురెవడ్రా? ఎవడ్రా చీపురు? మీ అక్కలనడగండి!" అని అరుస్తున్నాడు. అక్కలు ఇటు పక్కన, నా వెనకే కూర్చున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

చివరి నిమిషం. వాళ్ళ గోల్ గీతకి అయిదు మీటర్లలో లైనౌట్, మా విసురు. సూర్యుడు యూకలిప్టస్ చెట్ల వెనక్కి దిగి మొంగేజీ కళ్ళల్లో పడకుండా తప్పుకున్నాడు, అడగకుండానే. వాడి వేళ్ళు వణకడం లేదు. గట్టిగా ఊపిరి పీల్చి, ఊళ్ళో ఇంటింటికీ వినబడేట్టు అరిచాడు.

"తలుపు!"

లులామీలే లేచాడు. చాలాసేపు లేస్తూనే ఉన్నాడనిపించింది. ఖుమాల మేనమామ కింద నిలబడి తల ఎత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మేనల్లుణ్ణి చూశాడు, నిజం చెప్పాలంటే కొంచెం మురిసిపోతూ. వాడు బంతితో దిగాడు, ఎనిమిది మంది వాడి వెనక చేరి తోశారు, ఆట మొదటి నుంచీ వెనక్కి నడిచిన ఆ కాళ్ళే ముందుకు నడిచాయి, అందరూ కలిసి గీత అవతల ఒక కుప్పగా పడ్డారు, కుప్ప అడుగున బంతి, బంతి మీద మొంగేజీ. పదిహేడు, పంతొమ్మిది. ఉనాతీ కర్రల మధ్యకి కొడితే సమానం. కొట్టాడు. మా ఊరి ఎడమ కర్ర నాలుగేళ్ళ నుంచీ లోపలికి ఒరిగి ఉంది, సరిచేయాలని ప్రతి సమావేశంలోనూ తీర్మానిస్తారు, బంతి వెళ్ళి ఆ ఒరిగిన చోటనే తగిలి వెనక్కి వచ్చింది. ఈల.

ఓడిపోయాం. నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను, ఒరగలేదు. డిలీజా వచ్చి పక్కన నిలబడ్డాడు, చాలాసేపు ఆ కర్ర వైపే చూశాడు.

"ఓడిపోయాం జోలా."

"ఓడిపోయాం."

"చివరి మూడు లైనౌట్లూ మనవే."

"మూడే."

"ఆ పట్నం కుర్రాడికి కర్రలు పాతడం వచ్చేమో కనుక్కుంటాను," అన్నాడు. తర్వాత, నేను లేవగానే, నా కుర్చీ తీసి చంకలో పెట్టుకున్నాడు, నాలుగడుగులు వేసి ఏదో మరిచినట్టు వెనక్కి వెళ్ళి, ఆ చదునైన రాయి ఏరి జేబులో వేసుకున్నాడు. "గురువారం నాలుగింటికి. ఆలస్యం చేయకండి." అప్పుడు తెలిసింది రాయి ఎవరిదో.

వెలీలే మైదానం దాటి వచ్చాడు, చెల్లెలు వచ్చిన దారినే, కానీ ఊపిరి ఎగపోస్తూ. "బావా, నిజం చెప్పు. ఎక్కడివి ఆ పేర్లు?"

"ఇంటి మాటలు బావా. చెప్పకూడదు."

వాడు నా మొహం చూశాడు. గెలిచినవాడి నవ్వు కాస్త సర్దుకుంది. "మా చెల్లి పెట్టినవా?"

నేను తల ఊపలేదు. వాడికి అక్కర్లేదు కూడా. నా భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి బరువంతా అక్కడే ఉంచి, "రెండో సగం మీదే కదా ఎప్పుడూ," అన్నాడు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళ. కెటిల్ పెట్టాను. లులామీలే వచ్చాడు, గెలిచినవాళ్ళు పొద్దున్నే కోసిన గొర్రెలోంచి మేనమామ పంపిన బోటి ఒక పళ్ళెంలో, దాని మీద కుండ రొట్టె ముక్క, అడుగు చెక్కతో సహా. బల్ల మీద పెట్టి, నిలబడి, కుంపటి కూర్చునే మూల చూసి, బేసిన్ బోర్లించి ఉన్న అరుగు చూసి, "వస్తా మాస్టారూ," అన్నాడు. వెళ్ళాడు. నేను అలవాటు కొద్దీ లేవబోయాను, వాడి వెనక తలుపు ఎప్పుడూ నేనే వేసుకోవాలి. ఈసారి అడుగులు గుమ్మం అవతల ఆగాయి. తలుపు మెల్లిగా, చప్పుడు కాకుండా, ఆ ఎత్తైన మనిషి రెండు చేతులతోనూ పట్టుకుని దగ్గరికి లాగాడేమో, చివర్న గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకుని మరీ మూశాడు.